గుర్రం మీద దొరగారు, గట్టు మీద మనం

మీరెప్పుడైనా గుర్రమెక్కారా? తీర్థంలో రంగులరాట్నం మీది చెక్కగుర్రం లెక్కలోకి రాదు. ఊటీ వెళ్ళినప్పుడు మీవారు ఫొటో తీస్తుంటే అర నిమిషం కూచుని, "అమ్మో, దించండి బాబోయ్!" అన్నదీ లెక్కలోకి రాదు. నిజంగా జీను మీద కూచుని, రికాబుల్లో కాళ్ళు పెట్టి, కళ్ళెం చేత పట్టుకుని ఓ అరమైలు దూరమైనా వెళ్ళారా అని అడుగుతున్నాను.

నేను వెళ్ళాను. మొన్న సంక్రాంతికి, నా నలభై ఆరో ఏట, ధవళేశ్వరంలో గోదావరి గట్టు మీద. ఆ సంగతి చెప్పుకోవాలనే ఈ వ్యాసం. పనిలో పనిగా కాస్త చరిత్ర కూడా చెబుతాను. భయపడకండి, పరీక్షలు పెట్టను.

ఈ సరదా నాకు ఇప్పటిది కాదు. కోనసీమలో మా అమ్మమ్మగారి ఊళ్ళో కాలవ వంతెన పక్కన కాటన్ దొరగారి విగ్రహం ఉండేది. గుర్రమెక్కి, టోపీ పెట్టుకుని, ఎటో దూరంగా చూస్తూ ఉండేవాడు. ఒక్క మా అమ్మమ్మగారి ఊరేమిటి, గోదావరి జిల్లాల్లో చాలా చోట్ల ఆయన అలా గుర్రం మీదే కనిపిస్తాడు. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ముప్పై అయిదు లక్షల క్యూసెక్కుల నీరు పోయిన వరద అది. అప్పుడు నాకు ఏడేళ్ళు. తాతయ్య నన్ను భుజాన ఎక్కించుకుని నీళ్ళు చూపించడానికి గట్టు మీదికి తీసికెళ్ళాడు. తిరిగొస్తూ వంతెన దగ్గర అడిగాను.

"తాతయ్యా, దొరగారు గుర్రం దిగడా?"

"దిగితే కాలవలో నీళ్ళు ఆగిపోతాయే!" అన్నాడు తాతయ్య తాపీగా.

చాలాకాలం అది నిజమే అనుకున్నాను. రోజూ వంతెన దాటుతూ ఆయన దిగలేదు కదా అని చూసుకునేదాన్ని. ఇంటికొచ్చి నేనూ గుర్రమెక్కుతానంటే అమ్మమ్మ నోరు నొక్కుకుంది. "ఆడపిల్లవి, నీకు గుర్రమేమిటే!" మరో రెండేళ్ళకి పాఠ్యపుస్తకంలో రుద్రమదేవి బొమ్మ చూపించి వాదించాను. అమ్మమ్మ తడుముకోలేదు. "ఆవిడ మహారాణి. నువ్వు కరణంగారి మనవరాలివి" అంది. అప్పటికి కరణీకాలు రద్దయ్యాయిగానీ, అమ్మమ్మ దృష్టిలో కాలేదు.

సరే, అసలు కథలోకి వస్తాను.

ఇప్పుడు కోనసీమ అంటే కొబ్బరిచెట్లూ, అరటితోటలూ, వరిచేలూ మనకి గుర్తొస్తాయి. రెండువందల ఏళ్ళ క్రితం ఇది కరువుసీమ. పక్కనే గోదావరి పారుతున్నా కరువే! వర్షాకాలంలో నది ముంచేది, మిగతా రోజుల్లో పక్కనుంచి సముద్రంలోకి పోయేది. 1832-33లో వచ్చిన కరువుని మన పెద్దలు నందన కరువన్నారు, డొక్కల కరువన్నారు. డొక్కలు ఎండిపోయి మనుషులు రాలిపోయిన కరువు. ఆ తరవాత 1839లో కోరంగి దగ్గర సముద్రం ఊళ్ళమీదికొచ్చిన తుఫాను. 1821లో రాజమండ్రి జిల్లాలో సుమారు 7,38,000 మంది ఉంటే, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి 5,61,000 మంది మిగిలారు. కొందరు చచ్చిపోయారు, కొందరు పొట్ట చేతపట్టుకుని వలసపోయారు. జనం తగ్గితే పన్నులు తగ్గుతాయి. అప్పుడు కుంపిణీ ప్రభుత్వానికి మెలకువ వచ్చింది. హెన్రీ మాంట్‌గొమరీ అనే అధికారిని పంపితే, ఆయన అంతా చూసి, నీటిపారుదల లేనిదే ఈ జిల్లా బాగుపడదని 1844లో నివేదిక రాశాడు. ఆ పని పరిశీలించడానికి వచ్చిన ఇంజనీరే ఆర్థర్ కాటన్.

ఆయన పుట్టింది 1803లో. అంటే ఈ గట్ల మీద తిరగడం మొదలుపెట్టేనాటికి నలభై దాటాయి. "నలభై దాటాక ఇంకేముంది లెండి" అని నిట్టూర్చే మనం ఈ లెక్క కాస్త గుర్తుపెట్టుకోవాలి. పద్దెనిమిదేళ్ళకి మద్రాసు వచ్చాడు. తంజావూరు వైపు కొల్లడం నది మీద 1836లో ఆనకట్టలు కట్టించి చెయ్యి తిప్పుకున్నాడు. కాలికింద రాయి దొరకని వట్టి ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో, పూర్వం కావేరికి కల్లణై కట్టిన మనవాళ్ళ పనిని చూసి నేర్చుకున్నామని ఆయనే ఒప్పుకున్నాడు. మాట కూడా మనదే. ఇంగ్లీషువాళ్ళు 'అనికట్' అంటారే, అది తమిళుల అణైకట్టే, మన ఆనకట్టకి అక్కచెల్లెలే.

ఇంతకీ గుర్రమెందుకు? ఆ రోజుల్లో దొరలకి దూరప్రయాణమంటే పల్లకీ. బోయీలు మోస్తుంటే తెరలు దించుకుని నిద్రపోవచ్చు. కానీ నిద్రపోతే నేల కనిపించదు కదా! నల్లరేగడి నేల, రోడ్లు లేవు, వాన పడితే బండిచక్రం దిగబడిపోతుంది. నడవదగ్గ ఎత్తైన దారి ఏదైనా ఉందంటే అది ఏటిగట్టే. అందుకే ఆయన తిరిగిన తిరుగుడంతా గుర్రం మీదా, పడవ మీదా, కాలినడకనా సాగింది.

ఇదంతా పుస్తకాల్లో చదివి రాయడం వేరు, అనుభవించడం వేరు. ఈ సంక్రాంతికి మా తమ్ముడి ఇంటికి ధవళేశ్వరం వెళ్ళినప్పుడు, పొద్దున్నే గట్టు మీద ఒకతను గుర్రాన్ని నడిపిస్తూ కనిపించాడు. పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిచ్చే గుర్రమట. మా తమ్ముడు నా మొహం చూసి నవ్వాడు. "ఎక్కుతావేమిటే అక్కా?" అన్నాడు. మర్నాడు పొద్దున్నకి ఏర్పాటు చేసేశాడు.

అమ్మ మాత్రం గోల పెట్టింది. చివరికి, "పోనీ రెండు కాళ్ళూ ఒకవైపే వేసుకుని కూచో, మర్యాదగా ఉంటుంది" అంది. నాకు నవ్వాగలేదు. కాటన్ దొరగారి కాలంలో ఇంగ్లీషు దొరసానులు సరిగ్గా అలాగే కూచునేవారు. పొడుగాటి గౌన్లతో, రెండు కాళ్ళూ ఎడమవైపు వేసుకుని, దానికోసమే ప్రత్యేకంగా చేయించిన జీను మీద. అటు చూస్తే విక్టోరియా మహారాణి రాజ్యం, ఇటు చూస్తే మా అమ్మ. మర్యాద విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట.

నేను చుడీదారు వేసుకుని, మర్యాద సంగతి తరవాత చూసుకుందామని, మామూలుగానే ఎక్కాను. ఎక్కాను అంటున్నాను గానీ, ఎడమవైపునుంచి ఒకసారి, రెండోసారి, మూడోసారికి తమ్ముడు కిందనుంచి ఎగదోస్తే పైకి చేరాను.

"దీని పేరేమిటి బాబూ?"

"రాణి అండి, అమ్మగారూ."

"రాణేమిటి? ఇది ఆడగుర్రమా!"

"ఆడదేనండి. ఊరేగింపులకి ఆడదే మంచిదండి. బాజాలకీ మందుగుళ్ళకీ బెదరదు."

చూశారా! ఇన్ని పెళ్ళిళ్ళలో అక్షింతలు వేశాను, పెళ్ళికొడుకు తలపాగా చూశాను, మెడలో దండ చూశాను. మోసేది ఆడగుర్రమని ఒక్కనాడూ చూడలేదు.

రాణి కదిలింది. కింద ఉన్నప్పుడు పొట్టిగానే కనిపించింది గానీ, మీద కూచుంటే మేడెక్కినట్టుంది. అది అడుగు వేసినప్పుడల్లా నా నడుము ముందుకీ వెనక్కీ ఊగుతోంది. "బిగుసుకోకండమ్మా, చేటతో చెరిగినట్టు ఊగండి" అన్నాడతను. ఆ ఒక్కమాటతో నాకు గుర్రపుస్వారీ అర్థమైపోయింది. చెవులు ముందుకి నిక్కపొడిస్తే ఏదో చూస్తోందనీ, వెనక్కి అదిమిపెడితే కోపమనీ కూడా చెప్పాడు. నేను ఆ చెవులకేసే చూస్తూ కూచున్నాను.

కాసేపటికి ధైర్యం వచ్చి తలెత్తాను. మంచు విడుతోంది. ఒకవైపు గోదావరి, నది మీద అడ్డంగా పొడుగాటి బ్యారేజీ. ఇంకోవైపు తూర్పు డెల్టా కాలవ, దానికవతల ఇళ్ళూ చేలూ. నేను పుట్టి పెరిగిన జిల్లాయే. బస్సులో నూరుసార్లు ఈ దారిన పోయాను. కానీ గుర్రం మీదనుంచి చూస్తే ఇదివరకు కనిపించనిది ఒకటి కనిపించింది. నది ఒడ్డే ఎత్తు. నదికి దూరంగా పోయేకొద్దీ నేల పల్లం.

మామూలుగా మనం నది పల్లంలో ఉంటుందనీ, ఊళ్ళు ఎత్తులో ఉంటాయనీ అనుకుంటాం. డెల్టాలో అలా కాదు. ఏటేటా వరద పొంగినప్పుడు ముతక ఒండ్రు ఒడ్డునే పడిపోయి, ఒడ్డే పెరుగుతూ వస్తుంది. అందుకే ఒడ్డు పక్కనే కాలవ తవ్వి, అందులోకి నీళ్ళెక్కించగలిగితే చాలు, ఆ నీరు తనంతట తానే పల్లంలోని చేలమీదికి జారిపోతుంది. ఏతాం అక్కర్లేదు, కపిల అక్కర్లేదు. నీళ్ళెక్కించడానికి నదిలో మట్టం పన్నెండడుగుల దాకా పెంచితే సరి. ధవళేశ్వరం ఆనకట్ట రహస్యమంతా ఇదే. నీళ్ళని నిలవచేసే డాము కాదది, నీళ్ళని కాలవ గుమ్మందాకా లేపి నిలబెట్టే కట్ట.

అయితే ఒక తిరకాసుంది. గుర్రం మీదనుంచి ఎత్తుపల్లాలు పోల్చుకోవచ్చు గానీ కొలవలేం. మైలుకి అడుగో, అంతకంటే తక్కువో ఉండే వాలు అది. మూడుకాళ్ళ యంత్రం నేలమీద నిలబెట్టి, ఒంటికన్ను మూసి, ఎదరవాడు పట్టుకున్న కొలకర్ర మీది అంకె చూడాలి. ఒక్క అంగుళం తప్పితే నీళ్ళు వెనక్కి తంతాయి. ఆ పని గుర్రం దిగితేనే అవుతుంది. విగ్రహంలో దొరగారు దిగడు గానీ, బతికున్న దొరగారు రోజుకి ఎన్నిసార్లు దిగి ఎక్కాడో! రెండోసారి దిగేటప్పుడు నా మోకాళ్ళు చెప్పాయి ఆ కష్టమేమిటో.

1846 చివర అనుమతి వచ్చింది, 1847లో పని మొదలైంది. అడిగినంతమంది ఇంజనీర్లని ఇవ్వలేదు. కొత్తగా చేరిన కుర్ర అధికారులతో నెట్టుకు రావలసివచ్చింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయలకి నాలుగు కట్టలు, లంకలు వదిలేసి లెక్కేస్తే రెండుంబావు మైళ్ళ పొడుగు. ఇసుకలోకి నూతులు దించి వాటిమీద గోడ కట్టారు. ధవళేశ్వరం కొండ పగలగొట్టి, పట్టాలు పరిచి, రాళ్ళని బళ్ళలో నదిదాకా దొర్లించారు. బొంబాయిలో ప్రయాణీకుల రైలు నడిచింది 1853లో. అంతకు ముందే మా ధవళేశ్వరంలో రాళ్ళు రైలెక్కాయన్నమాట!

1848లో దొరగారు ఎండకీ చాకిరీకీ మంచం పట్టారు. రెండేళ్ళు ఆస్ట్రేలియాలో ఉండి రావలసివచ్చింది. అప్పుడు పని ఆపకుండా నడిపినవాడు కెప్టెన్ ఆర్. కూలీలని కూర్చి, వాళ్ళ బాగోగులు చూసి, పని సాగించినవాడు వీణెం వీరన్నగారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. దొరసానిగారి పేరు ఎలిజబెత్. టాస్మేనియాలో 1841లో పెళ్ళయింది. దొరగారు 1899లో పోతే, మరుసటేడే ఆయన జీవితచరిత్ర అచ్చయింది. రాసింది కూతురు లేడీ హోప్. తండ్రి కథ కూతురే రాయాలని మా నాన్న కూడా అనేవాడు. నేనింకా రాయలేదు.

ఒక దశలో పదివేలమంది ఈ పనిమీద ఉన్నారని చెబుతారు. ఆ రోజుల్లో మట్టిపనంటే మొగుడు తవ్వితే పెళ్ళాం మోయడం, పిల్ల చెట్టుకొమ్మన ఉయ్యాలలో ఏడవడం. ఆ మాట తలుచుకుంటే నాకు మా అమ్మమ్మగారింట్లో వడ్లు దంచే అవ్వ గుర్తొస్తుంది. వంతెన దాటినప్పుడల్లా విగ్రహం దగ్గర ఆగి, వంగి దణ్ణం పెట్టుకునేది. ఓసారి అడిగాను, "అవ్వా, దొరగారంటే నీకంత భక్తా?" అని.

"దొరకి కాదమ్మా" అంది. "దొర కింద రాయుందే, దానికి. మా ముత్తవ్వ ఆనకట్టకి రాళ్ళు మోసిందంట. పచ్చి బాలింతరాలంట అప్పుడు."

అంతే అంది. తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. ముప్పై అయిదేళ్ళ పైమాట ఇది. గుర్రం మీద కూచుని వెళుతుంటే, ఆ గట్టు మీద రాళ్ళు పేర్చిన చోట, మళ్ళీ వినిపించింది.

కాలేజీలో చదువుతున్న మా అబ్బాయి ఇంకో ప్రశ్న వేస్తాడు. "పన్నుల కోసం కట్టించిన ఆనకట్టకి పూజలేమిటమ్మా? వాళ్ళేం మనమీద ప్రేమతో కట్టారా?" అని. తప్పు ప్రశ్న కాదు. కుంపిణీవాళ్ళు డబ్బు మంజూరు చేసింది రాబడి పెరుగుతుందనే. కాటన్ కూడా వాళ్ళని ఒప్పించింది ఆ లెక్కలు చూపించే. కానీ వాళ్ళు ఒప్పుకున్నాక కూడా ఆయన ఊరుకోలేదు. 1860లో ఉద్యోగం మానేసి వెళ్ళినా, రైళ్ళకి పెట్టే డబ్బు కాలవలకి పెట్టండి, కరువులు తప్పుతాయని అరుస్తూనే ఉన్నాడు. 1878లో, డెబ్బై అయిదేళ్ళ వయసులో, పార్లమెంటు సంఘం ముందు నిలబడి తనని నిలదీసినవాళ్ళకి జవాబులు చెప్పుకున్నాడు. గోదావరి స్నానసంకల్పంలో మన పండితులు ఆయన్ని భగీరథుడని తలుచుకున్నారంటే, పన్నులు వసూలు చేసినందుకు కాదు కదా!

అబ్బాయి మాటా నిజమే, పండితుల మాటా నిజమే. వాళ్ళిద్దరికంటే అవ్వ మాట ఇంకాస్త నిజమని నాకనిపిస్తుంది. భగీరథుడు గంగని తెచ్చాడు సరే, దారి ఎవరు తవ్వారని పురాణం అడగలేదు. మనం అడగొచ్చు. పది లక్షల ఎకరాలకి నీళ్ళిచ్చే ఆ పనిలో పథకం దొరగారిది, డబ్బు కుంపిణీది, అదీ మన పన్నుల్లోదే. బరువు మాత్రం పేరులేని నెత్తులది. పాత ఆనకట్ట నూట ముప్పై ఏళ్ళు నిలిచింది. 1970లో మొదలుపెట్టి 1982కి పూర్తిచేసిన కొత్త బ్యారేజీకి నూట డెబ్బై అయిదు గేట్లున్నాయి. దానికి దొరగారి పేరే పెట్టారు, బాగానే ఉంది. పలకలమీద మోసినవాళ్ళ పేర్లు పట్టవు, అదీ నిజమే. మనసులో పడతాయి కదా.

విగ్రహాలు తీసెయ్యమనడం లేదు నేను. మీరెప్పుడైనా ఆ దారిన వెళితే దొరగారి టోపీ చూడండి, గుర్రాన్ని చూడండి, ఆ తరవాత కాస్త కిందికి చూడండి. అంతే నేను అడిగేది.

అరమైలు వెళ్ళి, అరమైలు తిరిగొచ్చి, రాణి మెడ నిమిరి దిగాను. "దీనికేం పెడతావు బాబూ?" అంటే "గడ్డీ, నానబెట్టిన ఉలవలూనండి" అన్నాడు. ఆ రాత్రి మా అమ్మ ఉలవచారు కాచింది. కావాలనే కాచిందని నా అనుమానం. తొడలు పట్టేసి, పీట మీద కూచోలేక, గోడకి చేరబడి కూచుని అందులో వెన్న వేసుకుని తిన్నాను. అమ్మ నవ్వుతూనే రెండోసారి వడ్డించింది.

మా తమ్ముడి కూతురికి ఆరేళ్ళు. ఆ పూట గుర్రం వెనకే పరిగెత్తి వచ్చింది. నా పక్కన చేరి, ఎవరూ నేర్పకుండానే, అడిగింది.

"అత్తా, నువ్వు దిగిపోయావుగా. మరి దొరగారు దిగడా?"

తాతయ్య జవాబు నాలికదాకా వచ్చింది. మింగేశాను.

"దిగాడే" అన్నాను. "దిగాడు గనకే నీళ్ళొచ్చాయి. పొద్దున్న గట్టు మీదికి వెళదాం, ఆ రాళ్ళెవరు మోశారో చెబుతాను."

"గుర్రం మీదా?"

"నడిచే" అన్నాను, నడుము పట్టుకుని లేస్తూ.